ఎడమ చెంప

పొద్దుగాల ఆరింటికి అహేరి డిపోల బస్సెక్కుత.
సిరొంచకు పోయేటప్పుడు ఎండ ఎడమ చెంప మీద,
మాపటికి తిరిగొచ్చేటప్పుడూ
ఎడమ చెంప మీదనే.
తలుపు పక్క సీటు నాది.
సూర్యునికి పాసు ఉన్నది,
టికెట్ అడగరాదు.

చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు వడ్డది మంగు.
వాడు పుట్టిండు, పాకిండు, మూడో తరగతికి పోతుండు,
మంగు మాత్రం ఏ స్టేజీల దిగలే.
చాయ్ ఒలికి ఆరిన కొంగు లెక్క
రెండు చెంపలు,
ఎడమ దాని మీద ఇంకో కప్పు ఒలికినట్టు.

మనిషికో టికెట్ ఇస్త,
మనిషికో మందు చెప్తరు.
బామనిల ఎక్కిన ముసలమ్మ,
జాజికాయ పచ్చిపాలల్ల అరగదియ్యి బిడ్డా అన్నది.
రేపనపల్లి టీచరమ్మ మైసూరు పప్పు, పెరుగు.
తునికాకు కాంట్రాక్టరు నిమ్మకాయ అన్నడు,
తన మొకం తాను ఎన్నడు చూసుకున్నడో.
అన్నీ చేసిన.
నిమ్మకాయ మండింది.
జాజికాయ వాసనకు చిన్నోడు ఉరికొచ్చి
అమ్మా, పాయసం వండినవా అన్నడు.

జిమలగట్ట మందుల షాపుల
చీటీ లేకుండనే ఇచ్చిండు ఓ ట్యూబు.
పదిహేను రోజులకు మొకం తెల్లగైంది.
దినాం ఎక్కేటోళ్ళే, కొత్త కండక్టరా అన్నరు.
నేనూ నమ్మిన.
డిపోల అద్దం కాడ
రెండు నిమిషాలు ఎక్కువ నిలవడ్డ.
రెండో నెలకు మొకం కుంపటి,
పొయ్యి దగ్గర కూసుంటె సురుకు,
చెంపల మీద సన్నటి నూగు.
ట్యూబు ఆపితే
దిగిపోయిన మంగు వడ్డీతోని మళ్ళ ఎక్కింది.

చంద్రపూర్ పెద్ద దవాఖానల
పడుచు డాక్టరమ్మ నా గదువ పట్టి
కిటికీ వెలుగుకు తిప్పి
"వాంగ్" అన్నది.
వంకాయ అంటుందనుకున్న.
తప్పేం లేదు, రంగు అదే గద.
పదేండ్ల సంది మరాఠీల చిల్లర లెక్కవెడుతున్న,
బజార్ల వాంగీ తెలుసు,
మొకం మీది వాంగ్ ఇయ్యాల్నే తెలిసింది.

నా ట్యూబును చెత్తబుట్టల ఏసింది.
ఇది మంట మీద పెట్రోలు, మళ్ళ ముట్టకు అన్నది.
రాత్రికి ఒకటి రాసింది.
పగటికి ఒకటి, ఎండకు అడ్డం,
మూడు గంటలకోపారి పూయాలె.
నెలల పని, పలుచనైతది,
పూర్తిగ పోతదని మాత్రం నేను చెప్ప అన్నది.
ఇన్నేండ్లల్ల
పోతదని చెప్పని మనిషిని
గప్పుడే మొదలు చూసిన.

ఎండకు అడ్డం మందు ధర
చిన్నోని స్కూలు బూట్ల ధర.
వాడు పాత బూట్ల ముందట వేళ్ళు ముడుచుకుంటుండు,
ఇంకో నెల అన్న.

ఆలపల్లిల పది నిమిషాలు ఆగుతది బండి.
టేకు ఆకుల నీడ అద్దం మీద కదులుతుంటె
టికెట్ మిషను ఒళ్ళె పెట్టుకొని
రెండు వేళ్ళ పొడుగు తీసి పూసుకున్న.
పిండి గిర్నీల నుంచి వచ్చినట్టు తెల్లగైన.
డ్రైవరు ఆత్రం సోమాజీ నవ్విండు.
ఇంటిపేరే ఆత్రం, బండి మాత్రం నిదానం.
ఇరవై రెండేండ్ల స్టీరింగు ఆయనది.
కుడిచెయ్యి మోచేతి దాక కాలిన కట్టె,
ఎడమచెయ్యి ఇంకా పెండ్లినాటి రంగులనే ఉన్నది.
ఆ చెయ్యికి ఎవ్వరూ జాజికాయ చెప్పలే.
నేను సుత చూడలే,
ఇన్నొద్దులు పక్కనే కూసుండి.

"నాకూ జెర పెట్టు బాయి" అని
కిటికీలకెల్లి గుంజి ఆ చెయ్యి చాపిండు.
పరాచికం అనుకున్న.
చెయ్యి ఎన్కకు తీసుకోలే.
బూట్లు యాదికొచ్చినయ్.
అయినా పిండిన, బటానీ గింజంత,
ఆగి, ఇంకో గింజంత.
రుద్దుకుంటుంటె నల్లటి చెయ్యి మీద తెల్లటి చారలు,
ఎన్క సీట్ల ఎవరో కిసకిస నవ్విండ్రు.

గంట కొట్టిన.
సిరొంచ దాక
ఆయన మోచెయ్యి కిటికీ మీద పెట్టలే.