అడుగు మూత

కిసుములో చేపల మార్కెట్ వెనక,
కుట్టుమిషను కొట్టుకీ జడలల్లే కొట్టుకీ మధ్య
రెండు బల్లల వెడల్పు నా దుకాణం.
ఫుండీ అని పిలుస్తారు,
పాడైనవి బాగుచేసే అందరికీ ఇక్కడ అదే పేరు.
అసలు పేరు మా అమ్మకీ బ్యాంకుకీ తెలుసు.

ఒగుటు ముసలాయన లాప్‌టాప్‌ని
ఒమేనా చేపలు ఎండబెట్టే వలగుడ్డలో చుట్టి తెచ్చాడు.
పసిబిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు కాదు,
అప్పు ఎగ్గొట్టినవాణ్ణి ఠాణాకి ఈడ్చుకొచ్చినట్టు.
"దీన్ని లేపి, టీ కాచుకుని, తాగి, కప్పు కడిగి వచ్చినా
ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉంటుంది."
కొత్తది కొనరాదూ అన్నాను.
కొత్త పడవ కొనమన్నట్టు నవ్వాడు.

తిరగేశాను. పది స్క్రూలుండాలి, ఏడున్నాయి.
ఒక కన్నంలో అగ్గిపుల్ల.
సగం గీకేసిన నెదర్లాండ్స్ బడి స్టిక్కరు,
దాని పక్కన ఎవరో కుర్రాడు మేకుతో చెక్కిన ఫుట్‌బాల్.

మూత ఊడదీస్తే సరస్సు బయటికొచ్చింది.
వానల ముందు నీళ్లమీద పొగలా లేచే ఆ ఈగలు
ఫ్యాను రెక్కల చుట్టూ ఎండి, కంబళిలా అల్లుకుపోయి,
మధ్యలో ఒకే ఒక్క చేప పొలుసు,
ఎలా దూరిందో, ఇంకా మెరుస్తూ.
ఊదాను.
పక్కకొట్టు అపోండి తుమ్మి, నన్నూ నా వంశాన్నీ తిట్టింది.

బ్యాటరీ మాందాజీలా పొంగి ఉంది, ముందు దాన్ని తీశాను.
చిప్పు మీది పేస్టు సుద్దముక్కయింది,
తుడిచి, పెసరగింజంత కొత్తది పెట్టాను.
ర్యామ్‌కి రెండు గూళ్లు.
ఒకటి పుట్టినప్పటినుంచీ ఖాళీ!
ఇన్నేళ్లూ సగం ఊపిరితో నడిచినదాన్ని
ముసలిదైపోయిందని అందరం తిట్టుకున్నాం.
బడిపిల్లల రబ్బరుతో రాగి పళ్లు తోమి
నాలుగొందల షిల్లింగుల పాత ర్యామ్ నొక్కాను.
టిక్కుమంది.
నాకు ఈ పనిలో జీతమంటే ఆ చప్పుడే,
అద్దె మాత్రం వేరేగా కట్టాలి.

పాత డిస్కులోంచి కొత్తదానిలోకి మోత
రాత్రంతా పట్టింది. రెండుసార్లు కరెంటు పోయింది,
రెండుసార్లు మొదటినుంచి.
పాతది లోపల గింజలు చెరుగుతున్నట్టు గరగరలాడింది.
కొత్తదానికి నోరే లేదు.

పొద్దున ఆయన మీట నొక్కి
అలవాటుగా టీకని లేచాడు.
కూర్చోమన్నాను. వెలిగిపోయింది.
"చచ్చిందేమో, చప్పుడు లేదు" అన్నాడు.
రేవు లెక్కల ఫైలు తెరిచాడు.
పన్నెండేళ్ల ఎంబూటా చేపల తూకాలు,
ఏ పడవ, ఏ రోజు, ఎన్ని కిలోలు.
గ్రాఫు గియ్యమంటే ఇదివరకు బిగుసుకుపోయేదట,
మూసేసి ఇంటికి పోయేవాడట.
ఇప్పుడు రెప్పపాటులో గీసేసింది.

ఎడమవైపు తొంభై కిలోల చేప.
కుడివైపు పదకొండు.
మధ్యలో గట్టుమీంచి జారిన మేకలా ఒక గీత.

ఆయన చాలాసేపు చూశాడు. నేను స్క్రూలు ఏరుకున్నాను.
"మెల్లగా ఉన్నప్పుడు
ఇది ఇంత నిటారుగా లేదు, ఫుండీ."
తిరిగి మెల్లగా చేసేదా అని అడగబోయి
నాలిక కరుచుకున్నాను.

పాత డిస్కు ఇమ్మన్నాడు.
సంచీలోంచి చేతి తరాజు తీసి, కొక్కేనికి గుడ్డతో కట్టి చూశాడు.
ముల్లు కదల్లేదు.
"పన్నెండేళ్ల చేపలు" అని జేబులో వేసుకున్నాడు.

డబ్బు సగమే ఇచ్చాడు. మిగతాది చేప రూపంలోనట,
దొరికితే.
వెళ్లాక చూస్తే బల్లమీద ఓ స్క్రూ మిగిలింది,
అగ్గిపుల్లని మళ్లీ నేనే పెట్టేశానన్నమాట.
ఈగల రెక్కలు చీపురుకి అంటుకుని రావడం లేదు.
ఎవరో ఫోను నీళ్లలో పడేసుకుని
బియ్యంలో పెట్టి తెచ్చారు, వండని బియ్యం,
అదొక్కటి నయం.