పరిగె

మా జట్టులో నా పని ఉరకడం.

నౌహీరా లెక్కలు వేస్తుంది.
జ్ఞానవేలు రెక్కలు అతికిస్తాడు, జిగురు ఆరేదాకా
పసిబిడ్డ నెత్తిన ఊదినట్టు ఊదతా కూచుంటాడు.
మునిచంద్ర పాత బండి బ్యాటరీకి తీగలు తగిలించి
తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతాడు,
పెళ్లికొడుకు వాలకం.
నేను గుప్పెడు మన్ను తీసి గాలికి వదుల్తాను.
అది ఎటు పోతే అటే నా దావ.

చెనిక్కాయ పెరికేసిన చేను, నగరి ముక్కు కొండ కింద.
చెప్పులుంటే ఉరకలేను,
ఇప్పేస్తే పల్లేరుకాయలు.
రోడ్డు మీద బస్సు కోసం నిలబడినోళ్లు
"వాన మందా అబ్బయా?" అని కేకేసి అడుగుతారు.
కాదంటే వాళ్ల మొకాలు చూడలేక
ఒకసారి మునిచంద్ర అవునన్నాడు.

రాకెట్టు ఒళ్లు, గుడ్డల అంగట్లో పారేసిన అట్ట గొట్టం.
గొడుగు జ్ఞానవేలు వాళ్లమ్మ కుట్టింది,
రవికె ముక్కలు ఆరు, ఆరు రంగులు,
"పడినా కనపడాల గదరా" అనింది.
లోపల కోడిగుడ్డు. పోటీలో అదే మెలిక:
రెండు వందల యాభై మీటర్లు పోవాల,
నలభై నాలుగు సెకన్లలో దిగాల,
గుడ్డు మటుకు చెక్కుచెదరకూడదు.
గుడ్లు అప్పిచ్చే నూరుద్దీన్
"పెట్టిన కోడి కూడా ఇంత కష్టపడలా" అంటాడు.

మొదటిది వంకర పోయి బెండ తోటలో గుచ్చుకునింది.
రెండోది గొడుగు తెరవనే లేదు.
మూడోదానికి గుడ్డు బాగుంది, టైము ముప్పై ఒకటి.
నాలుగో గుడ్డు గురించి మేము మాట్లాడుకోము.

"మూడు" అనంగానే నేను ఉరకాల.
"రెండు" వీపు మీద పడుతుంది,
"ఒకటి" చెవిలో గాలితో కలిసిపోతుంది,
ఆ పైన సుయ్యిమని ఒక చప్పుడు,
దీపావళి మర్నాటి వాసన.
నేను తలెత్తేసరికి ఎప్పుడూ
రవికె ముక్కలే, పైనించి ఊగుతా.
నాలుగు నెలలుగా మా రాకెట్టును
నేను దిగేటప్పుడే చూసినాను.

ఐదోది మామిడి తోపు అంచున దిగింది.
ఆడ పరిగె ఏరుకునే ఒక అవ్వ
దాన్ని గంప పక్కన పడుకోబెట్టి
గొడుగు మడిచిపెట్టింది, అంచులు కలిపి, చీర మడిచినట్టు.
"నువ్వూ పరిగెకే వచ్చినావా?" అని నవ్వింది.
"దూదిలో ఏందో ఉండాది నాయనా, నేను తాకలా."
మూత తిప్పినాను.
గుడ్డు. తెల్లగా. గీత కూడా లేదు.
రెండు చేతుల్లో పెట్టుకుని వెనక్కి ఉరికినాను
"బతికింది! బతికింది!" అని అరస్తా.
గట్టు చూసుకోలేదు.

అంత పైనించి పడి పగలనిది
నా చేతుల్లోంచి మూరెడు కిందికి పడి పగిలింది.

నౌహీరా ఏమీ అనలా. నోటుబుక్కులో రాసింది:
"ఐదో ప్రయోగం. నలభై మూడు సెకన్లు.
గుడ్డు క్షేమంగా దిగింది.
చెంగల్రాయుడు పడ్డాడు."

మోకాలికి తువ్వాలు కట్టి నన్ను కూచోబెట్టినారు.
ఆరోదానికి ఉరికేదానికి జ్ఞానవేలు పోయినాడు.
మొదటిసారి నేను పెట్టె పక్కన ఉండాను.

"మూడు."
నౌహీరా కండ్లు గడియారం మీద.
మునిచంద్ర కండ్లు బొత్తాం మీద.
జ్ఞానవేలు వీపు చేనిలో చిన్నదైపోతా ఉంది.
"ఒకటి."

పోవడం కనపడలా. ఉండింది. అంతలో లేదు.
కడ్డీ మటుకు వణకతా నిలబడింది,
చేప తెంపుకుని పోయిన గాలం మాదిరి.
పొగ గీత కొండ ముక్కు పక్కన
నిదానంగా ఒంగింది.
నోరు తెరుచుకుని ఉండాను.
నాలుగు నెలలుగా దీన్ని ఎవరూ చూడలేదు,
అందరూ ఈడే ఉండి.

"ఎట్ల పోయింది, నేరుగానా?"
తల ఎత్తకుండానే అడిగింది నౌహీరా.
చాలా చెప్పబోయి
"నేరుగానే" అన్నాను.

దూరాన తోపు దగ్గర జ్ఞానవేలు చేతులూపతా ఉండాడు.
ఉందనో, లేదనో.
ఈడికి తెలియడం లేదు.