సున్నాకి అటూ ఇటూ

కిటికీకి అవతల సున్నాకి నలభై ఏడు డిగ్రీలు కింద.
బల్ల కింద పెట్టెలో తొంభై ఎనిమిది పైన.
మధ్యలో నేను,
ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తొడుక్కుని,
పాల సంఘం పద్దులు సగంలో ఉండగా
నల్లగా ఆరిపోయిన తెర ముందు.

ఈ రాత్రికి ఇది మూడోసారి.
ముందు పంకా గొంతు పెంచుతుంది,
లేనా నదిలో బరువెక్కిన పడవ ఎదురీదుతున్నట్టు.
తరువాత అంకెలు తడబడతాయి.
తరువాత, చెప్పాపెట్టకుండా, చీకటి.
పన్నెండు ఊళ్ళ ఆవులు, వాటి పాలు, వెన్న
లీటరు లీటరూ మళ్ళీ మొదటికి.

యాకుత్స్క్‌లో యంత్రం వేడెక్కి చచ్చిందంటే
ఎవరైనా నవ్వుతారు.
ఇక్కడ సంతలో చేపలు కట్టెల్లా నిలబడి అమ్ముడుపోతాయి,
కార్లకు దుప్పట్లు కప్పుతాం,
పాలు పలకలుగా గడ్డకట్టించి సంచిలో మోసుకొస్తాం.
బజారులో రిపేర్లు చేసే ద్యులుస్తాన్ కూడా నవ్వాడు ఫోన్లో.
నవ్వి, మూడు వేల రూబుళ్ళన్నాడు. మంగళవారం అన్నాడు.
నా గడువు పొద్దున పదింటికి.

"బాల్కనీలో పెట్టేద్దాం అమ్మా,
ఊరంతా ఫ్రిజ్జే కదా"
అన్నాడు ఎర్చిమెన్, పదకొండేళ్ళ తెలివితో.
నేను నా కళ్ళజోడు తీసి చూపించాను.
వీధిలోంచి రాగానే ఈ అద్దాలు ఎలా తెల్లబోతాయో
వాడికి తెలుసు.
"మళ్ళీ లోపలికి తెచ్చిన క్షణం
దీని ఎముక ఎముకకీ అలాగే చెమట పడుతుంది.
చలి వేడికి మందు కాదురా, ఇంకో జబ్బు."
అనేశాక, ఈ మాట ఎక్కడ నేర్చుకున్నానా అని
కాసేపు ఆలోచించాను.

తీగ పీకాను.
రేడియేటర్ గొట్టం పట్టుకున్నాను,
పొడిగాలి నా ఒంట్లో దాచిన చిటికెడు మెరుపు దిగిపోవడానికి.
నాలుగు మరలు. ఒకటి సోఫా కిందికి దొర్లింది,
ఇప్పటికీ అక్కడే ఉంది.
మూత తీస్తే, పంకా రెక్కల మధ్య
ఒక మేజోడు అల్లేంత బొచ్చు.
బూడిద రంగు, కొసలు తెలుపు.
ఇద్దరం ఒకేసారి తల తిప్పాం.
అల్మారా మీద కుల్యుక్
మా లెక్కలతో తనకేం సంబంధం లేనట్టు
కాలు నాక్కుంటోంది.
మూడు శీతాకాలాలుగా దాని పడక ఈ పెట్టె నెత్తి,
వేడి బయటికి పోయే దారి మీదే పొట్ట పరుచుకుని.

పెళ్ళిలో ఎవరో ఇచ్చిన, ఎన్నడూ వాడని
వెన్న కుంచెతో దులిపాను.
లోహపు దిమ్మె ఊడదీస్తే
ఒకప్పటి పూత ఎండి, బీటలు వారి,
నది వెనక్కి తగ్గాక మిగిలిన ఒండ్రులా.
వేడి దాటాల్సిన వంతెన అది. తెగి ఎన్నాళ్ళయిందో!
ఆ బుల్లి పలక లోలోపలే కాగి,
ఎవరికీ అందించలేక,
ఇక చాలని తనే కళ్ళు మూసుకునేది.
దాన్ని నేను ఎన్ని తిట్లు తిట్టానో.

అర్ధరాత్రి తలుపు తడితే
కింది అంతస్తు అగ్రఫేనా
కొడుకు దాచుకున్న పూత గొట్టం ఇచ్చింది,
అడుగున కాస్త, తిట్టుకుంటూనే.
"గోధుమ గింజంత, ఎక్కువొద్దు"
నిద్రగొంతుతో ఎర్చిమెన్.

మా నానమ్మ మేం తినేముందు
పొయ్యిలో నిప్పుకి మొదటి ముద్ద పెట్టేది.
నాకు పొయ్యి లేదు.
ఈ ఇంటికి వేడి గొట్టాల్లోంచి వస్తుంది,
ఎవరిదో, మొహం తెలీని వేడి.
ఆ గింజంత పెడుతున్నప్పుడు మటుకు
చేయి తనంతట తనే నెమ్మదించింది.

మూడు మరలు బిగించి, నొక్కాను.
అరవై ఒకటి. యాభై ఎనిమిది. అక్కడ ఆగింది.
పంకా చప్పుడు పోయాక తెలిసింది
మా ఇంట్లో గడియారం ఉందని.

మూడున్నరకి, తొమ్మిదో ఊరి వెన్న దగ్గరుండగా,
కుల్యుక్ దిగి వచ్చింది.
పెట్టె నెత్తినెక్కి రెండు చుట్లు తిరిగి పడుకుంది.
లేచింది.
చల్లారిన పాలగిన్నెని తట్టినట్టు పంజాతో తట్టింది.
నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.
చివరికి, వేరే దారి లేక, నా ఒళ్ళోకి ఎక్కింది,
ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు, నాలుగు కిలోలు,
గుర్రుమనే పంకాతో సహా.

మిగిలిన మూడు ఊళ్ళ పద్దు
ఒంటి చేత్తో పూర్తి చేశాను.