పల్లీల వాసన

పదకొండింటికి చర్చి గంట.
ఇప్పుడు ఎనిమిదీ నలభై.
షెడ్డు తలుపు తీసి చూద్దును కదా,
శవాల బండికి రాత్రికి రాత్రే
అంచులన్నీ నెరిసిపోయాయి.

నా పనే.
నిన్న సాయంత్రం ఆట మొదలైపోతుందని
చేతికొచ్చినట్టు మైనం పులిమి పరిగెత్తాను.
రేకు మీద మైనమంటే మెరుపు.
పక్కనున్న నల్ల ప్లాస్టిక్ మీద అదే మైనం
పాలు తాగి మూతి తుడుచుకోని పిల్లాడి వాటం.

హిల్కెమా గారు ఇంకా రాలేదు.
వస్తే ఆవిడ ఒక్క మాట కూడా అనరు.
అదే నా భయం.

నీళ్లు పోశాను.
మైనానికి నీళ్లొక లెక్కా?
బొట్లు బొట్లుగా నిలబడి, నన్నోసారి చూసి, జారుకున్నాయి.
సబ్బు నురగ పెట్టాను.
తడి ఉన్నంతసేపూ అంతా నలుపే,
హమ్మయ్య అనుకున్నాను.
సముద్రం మీంచి గాలి ఒక్కటి వీచింది.
ఆరగానే దొంగ మళ్లీ గుమ్మంలో.

ఈ ప్లాస్టిక్ నున్నగా ఉండదు.
ముక్కు ఆనించి చూస్తే నారింజ తొక్క,
అన్నీ గుంటలే,
ఒక్కో గుంటలో ఒక్కో తెల్ల మెతుకు.
పళ్ల బ్రష్ వెంట్రుకలు వంగిపోయాయి.
రసీదు పుస్తకం పక్కనున్న రబ్బరుతో చెరిపితే
జానెడు మేర శుభ్రమైంది,
రబ్బరు చిక్కుడుగింజంత మిగిలింది.
ఇంకా రెండు బంపర్లు, అద్దాల అంచులు, తలుపుల కింది పట్టీలు.
తొమ్మిదీ ఇరవై.

సంచిలో నా మధ్యాహ్నపు రొట్టె ఉంది.
రెండు ముక్కల మధ్య మందంగా పల్లీల వెన్న.
నూనె తగిలితే మైనం వదులుతుందని
పడవలకు రంగులేసే వీబె ఎప్పుడో అన్నాడు.
వాడి మాటల్లో సగం గాలి.
రెండో సగం మీద పందెం కాశాను.

రొట్టె విప్పి, వెన్న గీకి, బ్రష్‌కి అద్ది
గుండ్రంగా తిప్పుతూ రుద్దాను.
గుంటల్లోంచి తెలుపు పైకి తేలి
గోధుమరంగులో కలిసిపోయింది.
వేడి నీళ్ల గుడ్డతో ఒక్క తుడుపు.
కింద నలుపు!
ఎండలో కొత్త టైరులా అందామంటే
హార్లింగెన్‌లో ఎండెక్కడిది?
వానలో కొత్త టైరులా.

పదీ పదికి హిల్కెమా గారు వచ్చారు.
చుట్టూ ఒక ప్రదక్షిణ.
తెల్ల చేతితొడుగు తీసి, వెనక బంపర్ మీద వేలు రాసి,
ఆ వేలు వాసన చూశారు.
తర్వాత బల్ల మీద నోరు తెరిచి పడి ఉన్న రొట్టెను చూశారు.
"డౌవె, టై సరిచేసుకో" అన్నారు. అంతే.

పెట్టెలో సీట్సే.
దీవుల ఫెర్రీలో తాళ్లు విసిరిన మనిషి,
నలభై ఏళ్లు.
చర్చి ముందు అందరూ తలలు వంచి నిలబడ్డారు.
ఆరేళ్ల ఫోకె ఎత్తుకి సరిగ్గా బంపర్ వస్తుంది.
వాడు ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు.
"అమ్మమ్మా, తాత బండి పల్లీల వాసనొస్తోంది."

దగ్గులు కూడా ఆగిపోయాయి.
నా బూట్లలో నా మొహం కనబడుతోంది,
వాటిని మాత్రం బాగా తుడిచాను.

యెట్స్కే మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగింది.
వాసన చూసింది.
"రోజూ రాత్రి నేను పడుకున్నాక
డబ్బాలో వేలు పెట్టేవాడు," అంది,
"ఇవాళా పెట్టినట్టున్నాడు, దొంగ సచ్చినోడు."
నవ్వు ఆమె నోట్లోంచి కాదు,
భుజాల్లోంచి మొదలైంది.
కూతురు ఆపబోయి తనూ నవ్వింది.
పాస్టరు గారు ఆకాశంలోకి చూశారు.

స్మశానం దాకా నడక వేగంతో తోలాను.
ఫెర్రీ వెనక తిరిగే తెల్ల పిట్టలు మూడు
బండి వెనకాల వచ్చాయి.
ఎవరి కోసమో నేను చెప్పలేను.
పిట్టలకు పల్లీలంటే ఇష్టమే.

సాయంత్రం ఉత్త రొట్టె నమిలాను.
ఎడమ అద్దం కింద, బియ్యపుగింజంత తెలుపు
ఇంకా మిగిలే ఉంది.
నాకు తప్ప ఎవరికీ కనబడలేదనుకుంటాను.
షెడ్డు తాళం వేస్తూ హిల్కెమా గారు
జేబులోంచి ఒక కొత్త రబ్బరు తీసి
రసీదు పుస్తకం పక్కన పెట్టారు.