జానెడు

చీమకుర్తి క్వారీలో ఆ పొద్దు
ఇరవై రెండు టన్నుల నల్లరాయి
మా లారీ మీద కూచోగానే
టైర్లు బుగ్గలు పూరించాయి,
కమాను పట్టీలు కీచుమన్నాయి.
తర్వాత ఏమీ లేదు. అంత బరువూ
ఊరికే కింది దిక్కు చూస్తా కూచుంది.

పదో తరగతి ఫిజిక్సులో తప్పి
నేను క్లీనరుగా ఎక్కిన మూడో నెల.
"ఘర్షణ, తాకే తలాల వైశాల్యంపై ఆధారపడదు."
రెండు మార్కుల ముక్క, అదొక్కటే గుర్తు.
రాయి దిగకముందు మాలకొండయ్యకి అప్పజెప్పాను.
ఆయన వినలేదు. వంగి
బాడీలో పరిచిన చింతచెక్కల్ని
అరచేత్తో రుద్ది రుద్ది చూశాడు,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
"తడి చెక్క మీద రాయిని నమ్మబాకురా.
గొలుసులు మన ధైర్యానికి.
పట్టుకునేది గరుకే."
సీటు కింది డబ్బాలోంచి
గుప్పెడు మన్నేటి ఇసక తీసి
అక్షింతల్లాగా చల్లాడు.

సింగరాయకొండ దగ్గర టీ.
తడిసిన రేకు బల్ల మీద వేడి గ్లాసు
ఎవరూ తాకకుండానే
నా వైపు వేలెడు దూరం నడిచొచ్చింది.
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.
గ్లాసుకి చిటికెన వేలు అడ్డం పెట్టి
నేను తాగేదాకా తియ్యలేదు.

ఉలవపాడు ఇంకా దాటలేదు,
ముందు పోయే ఆటోలోంచి
మామిడికాయల గంప తిరగబడింది.
రోడ్డు నడుమ కాస్త ఉబ్బెత్తని
నాకు ఆ పొద్దే తెలిసింది.
సగం కాయలు పడమటికి, సగం సముద్రం వైపు
దారి అడక్కుండా దొర్లుకుంటా పోయాయి.
వాటి వెనకే, కొంగు దోపుకుని, ఒకామె.

మాలకొండయ్య బ్రేకు మీద నిలబడ్డాడు.
లారీ ఆగింది.
రాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

వీపు వెనక ఒక మూలుగు,
పెద్ద తిరగలి ఒక్క చుట్టు తిరిగి ఆగినట్టు.
చెక్క మాడిన వాసన.
"దిగి చూడు" అన్నాడు తల తిప్పకుండా.
కేబిన్ గోడకీ రాయికీ నడుమ
నా పిడికిలి పట్టింది.
వేళ్ళు విప్పితే పట్టలేదు.

ఆమె మమ్మల్ని తిట్టింది, కళ్ళు యాడ పెట్టుకున్నార్రా అని,
మా తాతల దాకా పోయి తిట్టింది.
తిడతా తిడతా తలెత్తి
ముందుకు జరిగిన రాయిని చూసింది.
ఏరిన కాయలు ఒడిలోంచి
ఒకటొకటే కిందికి జారుతున్నా
పట్టుకోలేదు.

ఆడ్నించి ముప్పై స్పీడు.
పెన్నా వంతెన మీద ఒక్కో అతుకు దాటేటప్పుడు
ఆయన వీపు సీటుని వదిలి
కాస్త ముందుకు వంగేది,
రాయికి చోటిస్తున్నట్టు.

కృష్ణపట్నం పోర్టులో క్రేను రాయిని లేపింది.
మోపు దించిన మనిషి నడుములా
లారీ మెల్లగా పైకి లేచింది.
చింతచెక్క మీద నల్లగా కాలిన గీత ఒకటి.
మాలకొండయ్య చెయ్యి చాపి కొలిచాడు.
బొటనవేలి నించి చిటికెన వేలి దాకా
సరిగ్గా జానెడు.
లేచి, ఇసక డబ్బా మూత గట్టిగా బిగించాడు.

పుస్తకం తప్పు రాయలేదు.
జానెడు నేల ఎట్టా పట్టుకుంటుందో రాయలేదు, అంతే.

ఇప్పుడు స్టీరింగు నాది.
ఆ చెక్క నా సీటు కింద ఉంది, డబ్బా పక్కన.
"ఇన్ని గొలుసులుండగా ఇసకెందుకన్నా?"
కొత్త పిల్లోడు నిన్న టీ కొట్లో అడిగాడు.
బల్ల తడిగా ఉంది.
వాడి గ్లాసు కదలకముందే
నా చిటికెన వేలు
దానంతట అదే కదిలింది.