పౌడర్ వేసిన ఇంజను

పొదలకూరు రోడ్డులో
నిమ్మకాయల లారీ వెనక వస్తా ఉంటే
ఎర్ర దీపం వెలిగింది.
నూనెచెంబు బొమ్మ, దాని ముక్కున ఒక చుక్క.
ఇరవయ్యారేళ్ళ బండిలో
అట్టాంటి దీపం ఒకటి ఉందనే మర్చిపోయాను.

ఆపి, దిగి, వెనక్కి చూస్తే
తారు మీద నల్లటి చుక్కలు
కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా.
నేను ఎక్కడ తొందరపడ్డానో
ఎక్కడ బ్రేకు తొక్కానో
అంతా రాసిపెట్టి ఉంది.

జిలానీ మేస్త్రి షెడ్డు దాకా తోసుకొచ్చాం,
నేనూ, ఇద్దరు బస్తాల కూలీలూ.
స్టీరింగు పట్టింది టీకొట్టు కుర్రాడు.

మేస్త్రికి రెండు కళ్ళల్లోనూ పొర.
ఎండలు తగ్గినాక ఆపరేషనంట.
"చూసేది నువ్వు, చెప్పేది నేను"
అని స్టూలు లాక్కున్నాడు.

కారిన చుక్కని ఆయన వేలికి రాశాను.
బొటనవేలితో నలిపాడు, వాసన చూశాడు.
"పెట్రోలు కలవలా. నీళ్ళు కలవలా.
కొత్త నూనె పెంచలయ్యా, ఇంకా నలగలా.
ఎప్పుడు మార్చినావు?"
మొన్న.
"ఎవురు మార్చింది?"
నెల్లూర్లో... ఎవరిదో షెడ్డు.
ఆయన మొహం నా వైపే ఉంది.
కనపడదు కదా అనుకున్నాను.

"యాడ తడిగా ఉంది?"
అంతా తడే.
"తడి ఉన్న చోటల్లా కారినట్టు కాదు అబ్బయా.
నూనె కిందికి దిగుద్ది, గాలికి వెనక్కి పోద్ది.
యాడ ఆగిందో చూస్తే మోసపోతాం.
యాడ మొదలైందో చూడాల."

కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.
వాల్వు కవరు, దాని కింద గోడ, అడుగున సంపు,
చెయ్యి పట్టని సందుల్లో పాత టూత్ బ్రష్షు.
ఇన్నేళ్ళ జిడ్డు కింద
కంపెనీవాళ్ళు పోతపోసిన అంకెలు బయటపడ్డాయి.

మేస్త్రి మనవరాలు నస్రీన్
ముఖానికేసుకునే పౌడరు డబ్బా తెచ్చింది.
చేతికియ్యకముందే
"సగమే వాడాల" అనింది.

నీళ్ళు పోసిన బిడ్డకి అద్దినట్టు
మెడకీ చంకలకీ మడతలకీ అద్దాను.
గ్రీజు డబ్బాలు, చిరిగిన ట్యూబులు,
తాళ్ళకి వేలాడే సైలెన్సర్లు,
వాటి మధ్య తెల్లగా, గుమగుమలాడతా
నా బండి.

నూనె పోసి స్టార్టు చేశాను.
దీపం వెలిగి ఆరింది.
తెలుపు తెలుపుగానే ఉంది.
ఒక నిమిషం. రెండు.
ఊపిరి వదిలాను.

"ఇప్పుడు రేజ్ ఇయ్యి.
నిదానంగా కూచున్నప్పుడు ఎవురి రోగమూ బయటపడదు."

కార్బురేటరు తీగ చేత్తోనే లాగాను.
ఫిల్టరు అంచున
సన్నటి నల్ల గీత
కాటుక పెట్టినట్టు.
చూస్తుండగానే చెంప మీదికి కారింది.

"ఏం కనపడతా ఉంది?"

ఇంజను ఆపాను. మాట రాలేదు.
బస్తా తక్కువొచ్చిన రోజు
కాటా దగ్గర తలొంచుకుని నిలబడేవాళ్ళని
లెక్కలు రాసే బల్ల వెనక నుంచి
ఎందర్నో చూశాను.
బల్లకి ఇవతల నిలబడింది ఇదే.

"ఫిల్టరు దగ్గర" అన్నాను చివరికి.
"విప్పు."

విప్పి ఆయన అరచేతిలో పెట్టాను.
అంచు చుట్టూ వేలు తిప్పాడు.
ఆగాడు. మళ్ళీ తిప్పాడు.
గోటితో లేపాడు.
రబ్బరు రింగు ఒకటి కాదు,
కొత్తదానికి అతుక్కుపోయి పాతదొకటి.

మొన్న ఆదివారం, ఇంటెనక,
రెండొందలు మిగిలాయని
చేతులు తుడుచుకుంటూ మా ఆవిడకి చెప్పింది నేనే.
పాత ఫిల్టరు ఊడొచ్చినప్పుడు
దాని రింగు దాంతోటే వచ్చిందా అని
చూసుకోలేదు.
నా కళ్ళకే పొరా లేదు.

"ఆ నెల్లూరు షెడ్డాయనకి చెప్పు" అన్నాడు మేస్త్రి,
"పాతది తియ్యకుండా కొత్తది బిగిస్తే
ఎట్టా నిలబడుద్దీ అని."
చెప్తాలే అన్నాను.
నవ్వాడో, ఎండకి మొహం చిట్లించాడో.

రింగుకి కాస్త నూనె రాసి
చేత్తోనే బిగించమన్నాడు. పానా ముట్టనీలేదు.

డబ్బులిచ్చి తాళం తిప్పబోతుంటే
నస్రీన్ డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
"అంతా ఖాళీ చేసింది ఎవురు?"

"నేనే" అన్నాను,
మేస్త్రికి వినపడేట్టు.