ఆవ నూరునపుడు

మూడు లాంతర్ల దగ్గర
పాత కాయితాల బుచ్చిలింగం కొట్లో
పొట్లాలకని కిలోల లెక్కన కొన్న కట్టలో వచ్చిందీ పుస్తకం.
అట్ట లేదు. మొదటి పదకొండు పేజీలు లేవు.
పన్నెండో పేజీ గద్దింపుతోనే మొదలు:
"...అట్టి స్త్రీ వండిన పప్పు ఎన్నటికిని ఉడకదు."

ఎట్టి స్త్రీయో
పదకొండో పేజీని తిన్న చెదపురుక్కే తెలియాలి.

నాది కర్రీ పాయింటు.
పూటకి పధ్నాలుగు రకాలు, మూడు గ్యాసు పొయ్యిలు.
పప్పు మూడు కూతల్లో ఉడికిపోతుంది,
నేను ఎట్టి స్త్రీనైనా.

రాసినాయన పేరు తెలీదు గాని
మగాడని ఆరో వాక్యానికే తెలిసిపోయింది.
క్యాబేజీని గంటన్నర ఉడికించవలెనట,
"సీమకూరల దర్పము అణగువరకు."
రామ్ములగపళ్ళు వారానికి రెండు మించితే
నెత్తురు మరిగి కోడళ్ళు ఎదురు చెబుతారట.
నా కొట్లో రోజుకి రెండు ట్రేలు.
అందుకేనేమో ఈ వీధిలో ఎవరూ పడి ఊరుకోరు.

కిరసనాయిలు స్టవ్వు మీది అన్నం తిన్న పిల్లవాడికి
పన్నెండో ఎక్కం దాటి రాదట.
మా తమ్ముడు గవరయ్యకి ఏడో ఎక్కమే రాదు.
మాయమ్మ వండింది కట్టెల పొయ్యి మీద.

కొలతలన్నీ వీశెలు, పలాలు, సోలలు, గిద్దెలు.
సెగ ఎంతుండాలో కూడా చెప్పాడు:
"అరచేయి చాచి కులదైవమును ముమ్మారు తలచునంత."
ఉప్పు దగ్గరకొచ్చేసరికి మాత్రం
నీళ్ళు నమిలి ఒక్క మాటన్నాడు: తగినంత.

పులిహోరలో చింతపండు లేదు.
అచ్చులో పోయిందనుకున్నాను.
పక్కన పెన్సిలుతో, చీమలబారు లాంటి అక్షరాల్లో:
"బాబుగారు ఎప్పుడేనా పొయ్యి ముట్టించేరా?"

అప్పట్నించి వంటలు మానేసి అంచులే చదువుతున్నాను.
"గంటన్నర ఉడికించేను. కూర కనపడ్డం నేదు."
"చోడంబలి మాటే ఎత్తలేదు. ఈయన ఏ ఊళ్ళో తిన్నాడో."
ఒకచోట ఉత్త "హుఁ".
ఒకచోట ఏమీ రాయకుండా
పసుపు వేలిముద్ర.

డెబ్భై నాలుగో పేజీ, ఆవ పెట్టిన పనసపొట్టు.
"ఆవ నూరునపుడు మాటలాడరాదు. చేదెక్కును."
కింద ఆవిడ:
"మాటాడేను. చేదెక్కలేదు.
మంగళవారం మళ్ళీ మాటాడేను."

ఎవరితోనో రాయలేదు.
రోలు పక్కన ఎవరు కూచున్నారో,
ఏ కబురు దగ్గర పొత్రం ఆగిందో.

ఈవేళ మిక్సీలో ఆవాలు పోసి మీట నొక్కాను.
ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు.
ఆపేశాను.
తలుపుకి అడ్డం పెట్టిన సన్నికల్లు కడిగి
గిన్నెలు తోముతున్న ఎర్రయ్యమ్మని పిలిచాను:
"ఇలా వచ్చి కూచోయే. ఏటైనా సెప్పు."

చాలా చెప్పింది.
ఆవ చేదెక్కిందో లేదో మేం చూసుకోలేదు,
ఒంటిగంటన్నరకే గిన్నె ఖాళీ.

డెబ్భై నాలుగో పేజీ అంచున
ఇంకా రెండు వేళ్ళ చోటుంది.
గల్లాపెట్టెలో పెన్సిలు ముక్క ఉండాలి,
ఎక్కడో.